గొంతు డబ్బా

కొత్తకోట,
2004 జనవరి చివర

తిరుపతి పటేలాకు యేసయ్య దండాలు.

ఈ ఉత్తరం పోస్టులో వస్తుంది. గద్వాల బస్సు కండక్టర్ చేతికి ఒక పొట్లం కూడా ఇచ్చాను. విప్పగానే టార్చిలైటు అనుకుని మీ బామ్మర్దికి ఇచ్చేయకు. అది నీ గొంతు.

ఫోను చేస్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకని మా ఇంటిది సరోజ అడిగింది. బూతులో నిలబడి నేనొక్కణ్నే వాగుతుంటే అటువైపు తిరుపతి మెడలోని రంధ్రంలోంచి ఊపిరి తీస్తుంటాడు, అది వినలేక రాస్తున్నానని చెప్పాను. బళ్లో నీ చేతిరాత చూసి కొట్టని సారు లేడు. ఇప్పుడా రాతే నీకు దిక్కయింది చూడు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో క్యాన్సరని నీ గొంతు తీసేసిన తర్వాత, పక్క మంచం మీది ముసలాయన దగ్గర ఒక ఫారిన్ మిషను ఉండేది. నువ్వు మత్తులో ఉన్నావు, నేను చూశాను. దవడ కింద ఆనించి మీట నొక్కితే అది గుయ్యిమంటుంది. ఆయన ఊరికే పెదాలు, నాలుక కదిపితే ఆ గుయ్యిమనే మోతే మాటగా బయటికొచ్చింది. మనం కొనగలిగే సరుకు కాదు. కానీ రేడియోలూ టీవీలూ విప్పి బతికేవాణ్ని, చేసి చూద్దామనిపించింది.

లోపల చిన్న సర్క్యూటు, ఒక బ్యాటరీ, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, తీగచుట్ట ఉన్నాయి. చుట్ట మీద నా చొక్కా గుండీ ఒకటి అతికించాను. ఆ గుండీ నీ మెడ మీద గబగబా కొడుతుంది, మోత నోట్లోకి పోతుంది. డబ్బాగా స్టీలు టార్చి వాడాను. ఎడ్లు తొక్కినా సొట్ట పడదు. షాపు ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, నా మెడకే పెట్టుకుని చూశాను. లారీల మోతలో కూడా ఖంగున వినబడింది.

ముందు మీ అమ్మతో మాట్లాడు. కిష్టమ్మకు, బిడ్డ కావ్యకు చీటీ రాసి చూపిస్తావు, కళ్లు పోయిన తిమ్మమ్మకు ఏం చూపిస్తావు? మనం బడికి పోయే రోజుల్లో మీ అమ్మ చెంబు పైకెత్తి నా దోసిట్లో నీళ్లు పోసేది. ఒక్క చుక్క కింద పడనిచ్చేది కాదు, అంత మంచి గురి. ఇప్పుడు నా చేతి డబ్బా ఆమె కొడుకు మెడకు అంటుకుని మాట్లాడబోతుంది. ఏమంటుందో రాయి.

నీ
యేసయ్య

*

వడ్డేపల్లి,
2004 ఫిబ్రవరి

యేసయ్యకు తిరుపతయ్య రాయునది.

నీ టార్చి చేరింది. మా అమ్మ ఏమందో అడిగావు కదా, విను.

పొద్దున కొట్టం ముందు కూర్చుని పల్లికాయ ఒలుస్తుంటే దగ్గరికి పోయి, నువ్వు రాసినట్టే దవడ కింద ఆనించి “అమ్మా” అన్నాను. “కందిరీగ, కందిరీగ” అని చేట ఎత్తి నా మణికట్టు మీద కొట్టింది. ఇంకోసారి చెవి దగ్గరికి పోయి అన్నాను. “ట్రాక్టరు ఇంట్లకొచ్చిందా ఏంది” అంది. అత్తా, అది నీ కొడుకు మాట అని కిష్టమ్మ చెప్పింది. అప్పుడు నిజంగా భయపడింది. “నా కొడుకు గొంతు గిట్లుండదు. వాని నోట్లె ఎవలో దూరిండ్రు” అని ముఖం తిప్పుకుంది. ఆ రోజంతా నన్ను తాకనివ్వలేదు.

నీ తప్పు పట్టడం లేదు. కానీ డబ్బా మొత్తం మోగుతుంది యేసయ్యా. నోట్లోంచి వచ్చే మాట కన్నా డబ్బాలోంచి వచ్చే మోతే ఎక్కువ. పొద్దున పూట స్టీలు మంచులా ఉంటుంది, దవాఖానలో రేడియేషన్ కరెంటు పెట్టిన చోట చర్మం భగ్గుమంటుంది.

ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మతో నాకు ఒకటే దారి. ఆమె అడుగుతుంది, అవునంటే ఒకసారి చెయ్యి నొక్కుతాను, కాదంటే రెండుసార్లు. ఆమె అడిగేవన్నీ అవును, కాదు అంటే తీరేవి కావు. ఇప్పుడామెకు ఒకటే పరేషాన్. మీలో ఈ పద్ధతి లేదు కనుక చెబుతున్నాను. మా దగ్గర పాడెను బొంద దాకా ఒకేసారి మోసుకుపోరు. సగం దారిలో దింపుతారు. దాన్ని దింపుడు కళ్లం అంటారు. అక్కడ కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతుందని. పలకకపోతే ఇక ఎత్తుకుపోతారు.

“ఒక్కగానొక్క కొడుకువి, గొంతు పోగొట్టుకుంటివి. కళ్లం కాడ నన్నెవలు పిలుస్తరురా” అని అడుగుతుంది. పాలోళ్లు, దాయాదులు ఎవరన్నా పిలుస్తారులే అత్తా అని కిష్టమ్మ అంటే, “పాలోడు పిలిస్తే నేనెందుకు లేస్త” అంది. నవ్వొచ్చింది. నవ్వినా నాకు చప్పుడు రాదు కదా, నవ్వానని ఆమెకు తెలియలేదు. తర్వాత మెల్లగా, “పిలవకుంట మోసుకపోతే నేను పోయిన్నో లేదో నాకెట్ల తెలుస్తది” అంది. దానికి ఏమని చెయ్యి నొక్కాలి?

నాకు నలుగురిలో మాట్లాడే పని లేదు. ఎడ్లు సైగకే నడుస్తున్నాయి. ఆ ఒక్క మాట నా నోటి నుంచి వచ్చిందని ఆమె నమ్మేటట్టు చెయ్యి. సర్క్యూటు సంగతి నాకు తెల్వదు. డబ్బా మార్చు.

తిరుపతయ్య

*

కొత్తకోట,
2004 మార్చి

పటేలా,

తప్పు నాది కాదు, హైవేది. రాత్రీ పగలూ లారీలు పోయే చోట కూర్చుని, ఆ మోతను మించి వినబడాలని చేశాను. ఈ ఊళ్లో ఎవడితో మాట్లాడినా అరవాల్సిందే, మామూలు గొంతు ఎట్లా ఉంటుందో మరిచిపోయాను. మీ కొట్టం ముందు గాలి వీచినా వినబడుతుంది. అక్కడికి పంపింది లారీ హారను. తిమ్మమ్మ చేటతో కొట్టిందంటే మర్యాదగా కొట్టినట్టే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ కళ్లం సంగతి సరోజకు చదివి వినిపిస్తే, తినే అన్నం పక్కన పెట్టింది.

ఇక పని మాట. మోత తగ్గించడమంటే సర్క్యూటును చంపడం కాదు. గుండీ ఒక్కటే వణకాలి, డబ్బా వణకకూడదు. స్టీలులో బిగిస్తే లోపల ఏది కదిలినా మొత్తం గంటలాగా మోగుతుంది. అందుకే టార్చి తీసేశాను. మోటరు బోర్లకు వేసే తెల్ల పైపు ముక్క తీసుకున్నాను. అయస్కాంతాన్ని పైపుకు తగలనివ్వలేదు. హవాయి చెప్పు అడుగు గుండ్రంగా కోసి, మధ్యలో బొక్క చేసి, అందులో కూర్చోబెట్టాను. చెప్పు ముక్కకూ పైపుకూ మధ్య సైకిల్ ట్యూబు చుట్టాను. మిగిలిన సందంతా దూది కుక్కాను. దూది సరోజ దిండులోది. దిండు పలచబడిందని ఇంకా కనిపెట్టలేదు, నువ్వు రాయకు.

ఈసారి షాపు దగ్గర పరీక్ష పెట్టలేదు. మంగళవారం పూట మా చర్చి తాళం తీయించుకుని, తలుపులు మూసి, లోపల ఒక్కణ్నే కూర్చుని నా మెడకు పెట్టుకున్నాను. ఊపిరి బిగబట్టి “పరలోకమందున్న” అంటే “బరలోగమందున్న” అని వచ్చింది. ప్రభువు సర్దుకున్నాడనే అనుకుంటాను. నీకూ అంతే, ప అంటే బ వస్తుంది, హ అసలు రాదు. ఒక్క మాట కాగానే మీట వదలాలి, వదలకపోతే మాటలన్నీ కలిసి ఒకే గుయ్యి అవుతాయి. మీట పైపు పక్కన పెట్టాను, బొటనవేలు ఆనే చోట.

అమ్మకు దూరం నుంచి వినిపించకు. పక్కన కూర్చుని, మామూలుగా, ఎప్పుడూ అడిగేదే అడుగు. బువ్వ తిన్నావా అని అడుగు.

యేసయ్య

*

వడ్డేపల్లి,
2004 ఏప్రిల్

యేసయ్యా,

మాట వచ్చింది.

బువ్వ తిన్నావా అనే అడిగాను. ఒలిచే చేతులు ఆగిపోయాయి. చేట ఎత్తలేదు. “నువ్వు నా కొడుకువే అయితే చెప్పు. నువ్వు పుట్టినేడు ఈనిన బర్రె పేరేంది” అంది. బుడ్డి అన్నాను. అందులో అన్నీ నీ డబ్బా పలకగలిగే అక్షరాలే, నీళ్లంత తేటగా వచ్చింది. “దాని దూడ ఏమాయె?” మడుగులో పడ్డది అన్నాను. రెండు చేతులతో నా ముఖం తడుముకుంది. పెదాలు కదులుతున్నాయా అని వేళ్లు పెట్టి చూసింది. “ఇన్ని దినాలు యాడికి పోయినవ్ రా కొడుక” అంది. ఇన్నాళ్లూ నేను ఆమె పక్కనే కూర్చున్నాను యేసయ్యా. నాకు ఏడుపు ఆగలేదు. కిష్టమ్మ కూడా కొట్టంలోకి పోయి ఏడ్చి వచ్చింది.

ఎవరు చేశారని అడిగింది. యేసయ్య అన్నాను. “ఆశీర్వాదం కొడుకు యేసయ్యనా” అని డబ్బా నా చేతిలోంచి తీసుకుని తడిమింది. తర్వాత, “వాళ్ల నాయిన కుట్టిన, బాయి నీళ్లు తోడే తోలు మోట తొండం ఒక్క చుక్క కారకపోతుండె” అంది. ఆ చెంబు నీళ్ల చుక్క సంగతి నువ్వు నాకు రాసిందే తప్ప ఆమెకు చదివి వినిపించలేదు.

ఇప్పుడు ఆమెకు కొత్త పని దొరికింది. రోజూ ఎండ దిగాక మంచం మీద వెల్లకిలా పడుకుని కొంగు ముఖం మీద కప్పుకుంటుంది. “ఇగ పిలువు” అంటుంది. నేను వంగి చెవిలో మూడుసార్లు అమ్మా అనాలి. “రెండోది బాగలేదు, మళ్ల పిలువు” అంటుంది. ఇద్దరికీ మతి పోయిందని కిష్టమ్మ తిట్టుకుంటూ లోపలికి పోతుంది. మూడూ బాగా వచ్చిననాడు అమ్మ కొంగు తీసి, “ఆ, లేస్త లే” అంటుంది. ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తింటుంది.

కావ్య వనపర్తి కాలేజీ నుంచి వచ్చినప్పుడు నా కొత్త గొంతు విని నవ్వి, తర్వాత నా భుజం మీద తల పెట్టింది. బిడ్డతో కూడా మాట్లాడాను. నీ రుణం అంటే తిడతావు, అందుకని రాయడం లేదు.

తిరుపతయ్య

*

వడ్డేపల్లి,
2004 జులై

యేసయ్యకు,

రెండు నెలలుగా రాయలేదు, కోపం చేయకు. వాన లేదు. పల్లి విత్తనం ఇంట్లోనే ఉంది. కిష్టమ్మ సీడు పత్తి చేలలో కూలికి పోతుంది.

డబ్బా మంచిగానే ఉంది. కొంచెం మార్చాలి. ఎడమ వైపు దవడ కింద గుండీ ఆనడం లేదు, అక్కడ చర్మం గట్టిబడింది. కరెంటు పెట్టినందుకు అట్లాగే ఉంటుందని ఎవరో అన్నారు. కుడివైపు పెట్టి చూశాను, అటూ అంత బాగా రావడం లేదు. చెంప మీద, నోటి పక్కన పెడితే మాట వస్తుంది. కానీ నీ పైపు మూతి తిన్నగా ఉంది, చెంపకు సరిగ్గా అతకదు. మూతి ఏటవాలుగా కోస్తే బాగుంటుంది. బరువు కూడా కొంత తగ్గించు. కాసేపు పట్టుకుంటే చెయ్యి లాగుతుంది.

అమ్మ బాగుంది. పిలుపు రోజూ నడుస్తుంది. ఈ మధ్య మూడోదానికి నాకు దమ్ము సరిపోవడం లేదు. ఆమె గుర్తుపట్టింది, అడగలేదు.

తిరుపతయ్య

*

కొత్తకోట,
2004 జులై

తిరుపతీ,

మూతి ఏటవాలుగా కోయడం నాకు పావుగంట పని. కోయను.

నన్ను ఏమనుకున్నావు? దవాఖాన నుంచి వచ్చేనాడు డాక్టరమ్మ చెప్పినప్పుడు నీ పక్కన నిలబడ్డది నేనే. మెడలో ఎక్కడన్నా గట్టిగా చేతికి తగిలితే ఆగకుండా రమ్మంది. నువ్వు ఎడమ వైపు గట్టిబడిందంటావు, కుడివైపు కూడా బాగలేదంటావు, చెయ్యి లాగుతుందంటావు, దమ్ము లేదంటావు. అంతా రాసి కింద డబ్బా మూతి కోయమంటావు. ఎవరో అన్నారట. ఎవరు వాడు? వాడి మెడ కోశారా?

మొన్న కావ్య వనపర్తి నుంచి వస్తూ నా షాపు దగ్గర దిగింది. “నాయిన ఎట్లున్నడు కాకా, నాకు చీటీలల్ల అన్నీ మంచిగనే రాస్తుండు” అని అడిగింది. బాగున్నాడన్నాను. ఆ మాట అబద్ధం చేయకు.

గద్వాలలో హైదరాబాదు బస్సు ఎక్కు. కొత్తకోటలో నేను ఎక్కుతాను. నువ్వు దవాఖానకు పోయి వచ్చినట్టు తెలిసిన తర్వాతే డబ్బా ముట్టుకుంటాను.

యేసయ్య

*

వడ్డేపల్లి,
2004 ఆగస్టు

యేసయ్యకు,

పోయి వచ్చాను. నిన్ను షాపు మూయించడం ఎందుకని కిష్టమ్మను తీసుకుని కర్నూలు నుంచి రైలుకు పోయాను. చూశారు. మాట్లాడారు. వచ్చాం. నువ్వు పెట్టిన షరతు తీరింది, ఇక పని మొదలుపెట్టు.

మూతి ముందు చెప్పినట్టే ఏటవాలుగా కావాలి. పైపు సన్నది వాడు. ఈ కవరులో ఒక దారం పెట్టాను, పిడి చుట్టుకొలత అంతకు మించకూడదు. మీట చూడకుండా వేలికి దొరకాలి. దాని మీద ఉబ్బుగా ఏదన్నా అతికించు, గుండీ అయినా సరే. నొక్కడానికి బలం అక్కర్లేకుండా మెత్తగా ఉండాలి. బ్యాటరీ మార్చే మూతకు స్క్రూ పెట్టకు, తిప్పితే ఊడి రావాలి.

ఇంకొకటి. మోత ఇంకా తగ్గించు. ఇప్పుడు వినేది ఒక్క మనిషే, అదీ పక్కనే కూర్చుని.

కావ్యకు పరీక్షలు ఉన్నాయి. బాగున్నాడన్నావు కదా, అట్లాగే అను.

తిరుపతయ్య

*

కొత్తకోట,
2004 ఆగస్టు

తిరుపతికి,

డబ్బా పంపుతున్నాను. కండక్టర్‌కు రెండుసార్లు చెప్పాను, నీ చేతికే ఇస్తాడు.

సన్న పైపు దొరకలేదు. పిల్లలు ఆడే ప్లాస్టిక్ పిల్లనగోవి లావుది ఒకటి తీసుకున్నాను, కానీ అది పెళుసు. చివరికి నాగర్‌కర్నూల్ పోయి కరెంటు వైరింగు పైపు తెచ్చాను. అందులో బ్యాటరీ పట్టదు. అందుకని బ్యాటరీని వేరే చిన్న డబ్బాలో పెట్టి తీగ ఇచ్చాను, అది మంచం మీద పడి ఉంటుంది. చేతిలో బరువు దాదాపు ఏమీ ఉండదు. మూత తిప్పితే ఊడుతుంది. చెంపకు తగిలే చోట మెత్తని గుడ్డ అంటించాను. మీట మీద గుండీ పెట్టాను. మొదటి దానికి వాడిన చొక్కాదే.

నువ్వు పంపిన దారం నా వేళ్ల చుట్టూ చుట్టి చూసుకున్నాను. మనిద్దరం డ్యాము పనిలో రాళ్లు మోసినప్పుడు నీ చెయ్యి నా చేతికి ఒకటిన్నర ఉండేది. ఆ దారం చూసిన రోజు షాపు మూసి ఇంటికి పోయాను.

డాక్టర్లు ఏమన్నారో నువ్వు రాయలేదు. నేను అడగడం లేదు. రాయాలనిపిస్తే రాయి.

యేసయ్య

*

వడ్డేపల్లి,
2004 సెప్టెంబరు

యేసయ్యా,

అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో. పడుకుని రాస్తున్నాను.

ముందుగా ఆ దారం సంగతి. అది నా చేతిది కాదు, అమ్మ పిడికిలిది. ఆమె నిద్రపోతున్నప్పుడు కొలిచాను. నువ్వు షాపు మూసి ఇంటికి పోయావని చదివి చాలా బాధపడ్డాను. ముందే రాయాల్సింది. రాస్తే ఎందుకని అడిగేవాడివి, అప్పుడు మిగిలినదంతా చెప్పాల్సి వచ్చేది.

మళ్లీ వచ్చింది. రెండు వైపులా వచ్చింది. కోయడానికి చోటు లేదన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నా చెయ్యి ఎత్తితే నిలవడం లేదు. కిష్టమ్మ పొద్దున పత్తి చేలోకి పోతే పొద్దుగూకి వస్తుంది, ఆమె పోకపోతే పొయ్యి వెలగదు. పగలంతా నా మంచం పక్కన ఉండేది అమ్మే. అందుకే డబ్బా ఆమె చేతికి చేయించాను.

నువ్వు చూస్తే నవ్వుతావు. ఆమె తడుముకుని నా చెంప మీద గుండీ పెడుతుంది. ఎక్కడ పెడితే మాట తేటగా వస్తుందో నాకన్నా ఆమెకే బాగా తెలిసింది. నా దవడ కదలడం వేలికి తగలగానే మీట నొక్కుతుంది, ఆగగానే వదులుతుంది. నేను నొక్కుకున్నప్పుడు కూడా ఇంత బాగా మాట్లాడలేదు. ఇద్దరం కలిసి ఒకే మనిషి అయ్యాం. పొద్దంతా ఏవేవో మాట్లాడిస్తుంది. ఎవరి చేలో ఎంత పండింది, ఏ బర్రె ఎప్పుడు ఈనింది అని అడుగుతూనే ఉంటుంది.

ఒక్కటి మాత్రం చెప్పలేకపోతున్నాను. నేను ముందు పోతున్నానని ఆమెకు చెప్పాలి. ఆ మాట నా నోట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె వేలు తీసేస్తుంది. మోత ఆగిపోతుంది, నా పెదాలు ఊరికే కదులుతాయి. తెలిసే తీస్తుందేమో. పిలుపు ఆట కూడా మానేసింది. కొంగు కప్పుకోవడం లేదు.

నాకు కొడుకు లేడు. ఆమెను కళ్లం కాడ పిలిచేవాడు ఇక ఉండడు. పాలోళ్లు పిలిస్తే లేవనంది కదా. మీ దేవుడు కోపపడకపోతే, ఆ రోజు వచ్చినప్పుడు నువ్వు పిలువు. మా వాళ్లలో ఎవడన్నా అడ్డం మాట్లాడితే ఈ ఉత్తరం చూపించు. ఇది అడగడానికే ఇంతసేపు రాశాను.

కావ్యకు నేనే చీటీ రాశాను, వస్తుంది. నువ్వు ఇక అబద్ధం చెప్పే పని లేదు.

తిరుపతయ్య

*

వడ్డేపల్లి,
2004 అక్టోబరు

యేసయ్య కాకకు కావ్య నమస్కారాలు.

నాయిన పోయిన రోజు కబురు అందేసరికి నువ్వు ఊళ్లో లేవట. నువ్వు సాయంత్రం వచ్చేటప్పటికి అంతా అయిపోయింది. బయట అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి పోయావు. ఆ జనంలో నీతో ఏమీ చెప్పలేకపోయాను. దారిలో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పినా మతి తప్పిన ముసలిదని చెప్పి ఉంటారు. అందుకే రాస్తున్నాను.

నాయినకు కొడుకు లేడు కనుక దింపుడు కళ్లం కాడ పాలోళ్ల అనంతయ్య పెదనాయిన పిలవాలని పెద్దమనుషులు అనుకున్నారు. పాడె లేపుతుంటే అవ్వ లేచి నిలబడింది. నా చెయ్యి పట్టుకుని “నడువు” అంది. ఆడోళ్లు అంత దూరం రావద్దని ఎవరో అన్నారు. “వాడు నన్ను పిలవాల్సినోడు. ఇప్పుడు నేను పిలుస్త. ఎవడొద్దంటడు?” అంది. అరవలేదు. మామూలుగానే అంది. ఎవరూ అడ్డం రాలేదు. రాళ్ల బాటలో ఆమెను నేనే నడిపించాను. ఎక్కడా కూర్చుందామనలేదు.

పాడె దింపారు. అవ్వ మోకాళ్ల మీద కూర్చుని నాయిన చెవి వెతుక్కుంది. “తిరుపతీ” అని పిలిచింది. ఆగింది. మళ్లీ పిలిచింది. రెండోది బాగా రాలేదనుకుందో ఏమో, మూడోసారి గట్టిగా పిలిచింది. అంతటితో అయిపోయిందనుకుని మోసేవాళ్లు వంగారు. “ఆగుండ్రి” అంది. కొంగు ముడి విప్పి డబ్బా తీసింది. ఇంట్లో నుంచి ఎప్పుడు తెచ్చిందో నాకు తెలియదు. బ్యాటరీ డబ్బా నా చేతిలో పెట్టి, నాయిన చెంప తడిమి, రోజూ పెట్టే చోటే గుండీ ఆనించి మీట నొక్కింది.

మోగింది. చాలా చిన్న మోత కాకా, నాయిన అట్లాగే చేయమన్నాడట కదా. డప్పు ఆపేశారు. అందరం వింటూ నిలబడ్డాం. ఇంకో చెయ్యి ఆమె నాయిన దవడ మీద పెట్టింది, కదులుతుందేమోనని. చాలాసేపు అట్లాగే ఉంది. నేను చెయ్యి పట్టి లేపబోయాను, విదిలించుకుంది. తర్వాత తనే వేలు తీసింది.

“ఇగ ఎత్తుండ్రి” అంది.

ఇంటికొచ్చినంక ఏడవలేదు. మూడో రోజు, “యేసయ్య వచ్చిననాడు యాడ గూసుండె” అని అడిగింది. అరుగు మీద అని చెప్పాను. “లోపటికి పిలవకపోతివా” అని నన్ను తిట్టింది. నాయిన నీకు రాసిన ఆఖరి ఉత్తరంలో ఏం అడిగాడో అమ్మ ఆమెకు చెప్పింది. విని, పల్లికాయ ఒలుచుకుంటూ కూర్చుంది.

ఈ పొద్దున డబ్బా నాకిచ్చి నీకు పంపమంది. గద్వాల బస్సుకు ఇస్తున్నాను. మీట మీది గుండీ ఆమె వేలికి అరిగి నున్నగైంది, చూడు. మళ్లీ నీకు అవసరం పడుతుందేమో, అవ్వను పిలిచేటప్పుడు నాయిన గొంతులాగా ఇదే వాడతావేమో, ఇంట్లోనే ఉంచుదామా అని ఆమెను అడిగాను.

“వద్దు. యేసయ్యకు గొంతుంది. నా కళ్లం కాడికి ఒట్టి చేతులతోని రమ్మను” అంది.

కావ్య